రాజుగారు లేవలేని పంక్తి

సముద్రపు గాలికి కోటగోడల సున్నం ఏటేటా రాలిపోయే ఒకానొక రాజ్యంలో గంభీర భూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కడుపు నిండా తినేవాడు, కంటి నిండా నిద్రపోయేవాడు, యుద్ధాల జోలికి పోయేవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా గొప్ప ఒక్కటే. సభకు వస్తుంటే వందిమాగధులు ముందు నడుస్తూ బిరుదులు చదివేవారు. అవి పూర్తయ్యేసరికి సభలో సగంమందికి ఆవలింతలు వచ్చేవి. ఆవలించినవాడు ఉత్తరీయం అడ్డం పెట్టుకోవాలి, అదీ అక్కడి మర్యాద.

రాజుగారు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునేది పంక్తిభోజనం సంగతి. పట్టాభిషేకం జరిగిన తిథి నాడు ఏటేటా కోట ముంగిట విందు జరిగేది. రేవుపట్నంలో ఉన్న ప్రతి మనిషికీ అక్కడ విస్తరి పడాలి. రాజు వరసలో మొదట కూర్చోవాలి, ఆఖరి మనిషి తిని విస్తరి మడిచేదాకా లేవకూడదు. ఇది ఆయన తాతగారు పెట్టిన ఆచారం. ఒక ఏడు పళ్ళు లేని ముసలమ్మ ఒకతె గారె నములుతూ కూర్చుంటే, ఆ తాతగారు పొద్దు వాలేదాకా విస్తరి ముందే కూర్చుండిపోయారట. "ఆకలితో ఉన్నవాణ్ణి పంక్తిలో వదిలేసి లేచిన రాజు మా వంశంలో లేడు" అని గంభీర భూపతి వచ్చినవారందరికీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా మీసం మీద చెయ్యి వేసుకునేవాడు.

ఆ రేవుపట్నంలో జనం బతుకు రెండు రకాలు. కొందరు కోటలో, రేవులో, ఖజానాలో నెలజీతానికి పనిచేసేవారు. ఇంకొందరు ఓడలెక్కి పగడాల దీవులకు పోయి అక్కడ ఓడలు చెక్కేవారు, తాళ్ళు పేనేవారు. ఆ దీవుల దొరకు సముద్రంలో ముత్యాలు దొరుకుతాయి కాబట్టి ఎవరి దగ్గరా పన్ను తీసుకునేవాడు కాడు. వానాకాలం ముందు వీచే ఆఖరి గాలికి మనవాళ్ళు ఓడలెక్కి ఇంటికి వచ్చేవారు. ముసురు పట్టినన్నాళ్ళూ పెళ్ళాం పిల్లలతో గడిపి, ఆకాశం తెరిపివ్వగానే మళ్ళీ వెళ్ళేవారు.

ఇలా ఉండగా రాజుగారికి తన ఏనుగు మీదికి బంగారు అంబారీ కావాలని బుద్ధి పుట్టింది. ఖజానా చూస్తే అంబారీకి చాలేటట్టు లేదు. కోశాధికారి సోమనాథ మంత్రిని పిలిచి "దారి చూడు" అన్నాడు.

సోమనాథ మంత్రి చదవని శాస్త్రం లేదు. చదివినది మరిచిపోయే అలవాటూ లేదు. జీవితంలో ఒక్కసారి కూడా పడవ ఎక్కి ఎరగడు, ఒడ్డున నిలబడి చూస్తేనే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. అటువంటి మనిషి సముద్రం దాటినవాళ్ళ మీద పన్ను ఆలోచించాడు. ఆలోచించి సభలో చదివి వినిపించాడు.

"ప్రభూ! ఇంతవరకు జీతగాళ్ళకు ఇంటి అద్దెకనీ, కొలువుకు కట్టుకొచ్చే బట్టలకనీ, వైద్యుడికనీ కొంత పక్కన పెట్టి, మిగిలినదాని మీదే పన్ను వేస్తున్నాం. ఆ లెక్కలు చూడలేక గుమస్తాలు అలిసిపోతున్నారు. ఇకమీదట ఆ మినహాయింపులేవీ ఉండవు. మొత్తం జీతం మీద పన్ను. అదీ జీతం చేతికి అందకముందే ఖజానాలోనే కోసుకుంటాం. దానికి బదులు పన్ను వంతు కాస్త తగ్గించాను. ఎంత సులువుగా ఉందో చిత్తగించండి!"

ఎవరికి సులువని అడిగినవాడు లేడు. సభలో ఉన్న జీతగాళ్ళందరూ తలలు వంచుకుని మనసులోనే కూడికలు, తీసివేతలు చేసుకుంటున్నారు. వర్తకులు మటుకు హాయిగా తాంబూలం నములుతున్నారు. వాళ్ళ ఆదాయం ఎంతో వాళ్ళు చెబితేగాని ఎవరికీ తెలియదు. జీతగాడి ఆదాయం రాజు చేతిలోనే పుడుతుంది, పాపం, వాడు ఎక్కడ దాక్కుంటాడు?

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ఇక సముద్రం అవతల పనిచేసేవారి సంగతి. ఇంతవరకు వాళ్ళు ఏడాదిలో సగం ఇక్కడ గడిపితేనే ఇక్కడి కాపురస్తులని లెక్క వేసేవాళ్ళం. అందుకని ఒక్కడూ దొరకడం లేదు. ఇకమీదట వానాకాలం నాలుగు నెలలు ఇంట్లో ఉంటే చాలు, ఇక్కడివాడే. దీవుల్లో సంపాదించినదాని మీద కూడా మనకు పన్ను కట్టాలి."

"మరి వాళ్ళు ఆ నాలుగు నెలలూ రావడం మానేస్తే?" అన్నాడు రాజు.

ఈ ప్రశ్న కోసమే మంత్రి కాచుకుని ఉన్నాడు. "అప్పుడూ పోయేది లేదు ప్రభూ! అక్కడి దొర పన్ను వెయ్యడు కదా. ఎక్కడా పన్ను కట్టనివాడు ఎక్కడా లేనివాడితో సమానం. మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. కాబట్టి వాడు ఇక్కడే ఉన్నట్టు లెక్క!"

పండితులు "ఆహా" అన్నారు. ఒకరిద్దరికి అర్థం కాలేదు, వాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు. రాజు సంతోషించి, పట్టాభిషేకపు విందు ముగిసిన మరుక్షణం ఈ శాసనం మీద రాజముద్ర వేస్తానని ప్రకటించాడు.

ఆ సభలోనే గురవన్న అనేవాడు ఉండేవాడు. మాటకారి. రాజుగారికి పొద్దుపోనప్పుడు కబుర్లు చెప్పడం ఒక పని, పంక్తిభోజనం నాడు ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూసుకోవడం మరొక పని. ఈ రెండో పని ఎంత కష్టమో పెళ్ళి చేసిన ప్రతివాడికీ తెలుసు. గురవన్న కూడా నెలజీతగాడే. అద్దె ఇల్లు, ఇంటినిండా బలగం. మంత్రి చదువుతున్నంతసేపూ అతనూ మనసులో తీసివేతలే చేశాడు.

మర్నాడు అతను విందుకు విస్తళ్ళ మాట చెప్పడానికి వంటశాల వెనక కొట్టానికి వెళ్ళాడు. అక్కడ విస్తళ్ళు కుట్టే ఆడవాళ్ళకు పెద్ద నూకాలు. నెలజీతం మీద పనిచేసేది. మోదుగాకుల మీద పుల్ల ఆడిస్తూ పక్కవాళ్ళను అదిలిస్తూ, నవ్విస్తూ, పని నడిపించే మనిషి. ఆ రోజు మటుకు నోరు మెదపడం లేదు.

"ఏమ్మా నూకాలూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు గురవన్న.

"ఒంటికేటి బాబూ, దున్నలాగుంది" అంది నూకాలు తలెత్తకుండానే. "మా మావ రాడంట. నిన్న దీవి నుంచి ఓడ దిగినోళ్ళు సెప్పేరు."

ఆమె భర్త పోలయ్య పగడాల దీవిలో ఓడల వడ్రంగి. శాసనం సంగతి సభలో చదవకముందే రేవులో పొక్కింది. ఓడవాళ్ళ నోట దీవికి చేరింది.

"ఎందుకు రాడు?"

"వస్తే నాలుగు నెల్లు ఇంటికాడ ఉండాలి కదా బాబూ. ఉంటే ఏడాది కష్టమంతటి మీదా పన్నంట. పోనీ రాకపోతే ఏస్తారా అంటే, అప్పుడూ ఏస్తారంట. ఎలాగూ కట్టక తప్పనప్పుడు, వానల్లో కూడా అక్కడే ఉండి పన్జేసి ఆ డబ్బు కూడబెడతానని సెప్పి పంపేడు. ఈ ఏడు రాడు. పైయేడు మాట తెల్దు." పుల్ల విరిగింది. ఇంకోటి తీసుకుంది. "ఆడు ఎల్లినప్పుడు నేను కడుపుతో ఉన్నాను. పోయినేడు పని తెమలక రానేలేదు. పిల్ల పుట్టింది, పాకింది, నడిసింది. ఇప్పుడు మాటలొస్తన్నాయి. బాబు ఏడే అంటే సముద్రానికేసి సెయ్యి సూపిస్తది. ఆ సముద్రమే దాని బాబనుకుంటందో ఏటో."

గురవన్న కింద పడిన పుల్లముక్క ఏరి పక్కన పెట్టాడు.

"నా జీతంలో కూడా కోస్తారంట" అంది నూకాలు. "కొయ్యనీండి. గంజి కాస్త పల్సన సేసుకుంటాం. గాని బాబూ, నాకు ఒక్కటే తెల్వడం లేదు. ఆడు ఇక్కడే ఉన్నాడని మంత్రిగారు సెప్పేరంట కదా? ఉంటే నాకు కనబడడేటి?"

గురవన్న ఆమె వంక చూశాడు. మెల్లగా అతని ముఖంలోకి నవ్వు వచ్చింది. "ఇంకోసారి అనమ్మా ఆ మాట" అన్నాడు.

"ఏటి బాబూ, నా ఏడుపు మీకు నవ్వులాటగా ఉందా?"

"కాదు తల్లీ. మీ పేటల్లోంచి దీవులకు పోయినవాళ్ళు ఎంతమంది?"

"ఇంటికొకడు ఉన్నాడు బాబూ. కొన్ని ఇళ్ళల్లో ఇద్దరు."

"ఈ ఏడు వాళ్ళందరికీ కూడా విస్తళ్ళు కుట్టండి. నేను చెప్పానని కుట్టండి." అని గురవన్న గబగబా సభకు వెళ్ళిపోయాడు.

సభలో బిరుదులు చదవడం అయ్యేదాకా ఓపిక పట్టి, లేచి నిలబడ్డాడు. "ప్రభూ, విందుకు విస్తళ్ళు వెయ్యాలి. చిన్న సందేహం ఒకటి వచ్చింది. పగడాల దీవుల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే" అన్నాడు సోమనాథ మంత్రి. "నేను అంత వివరంగా చదివితే నువ్వు నిద్రపోయావా?"

"లేదు మంత్రివర్యా, జీతం సంగతి విన్నాక నిద్రెక్కడిది? ఇక్కడ ఉండటమనేది పన్నుకు ఒక్కదానికేనా, అన్నిటికీనా అని అడుగుతున్నాను."

మంత్రి చురుకైనవాడే, ఇందులో ఏదో ఉందని అనుమానించి ఆగాడు. కాని రాజు ఆగలేదు. ఇంతమందిలో తన శాసనాన్ని ఒకడు ముక్కలు చేసి అడగడం ఆయనకు చిన్నతనంగా తోచింది.

"గురవన్నా! గంభీర భూపతి నోట మాట ఒక్కటే వస్తుంది. ఉన్నారంటే ఉన్నారు! పన్నుకు ఒక రకంగా, పప్పుకు ఒక రకంగా ఉండరు!"

"చిత్తం" అన్నాడు గురవన్న. ఎంత వినయంగా అన్నాడో, మంత్రికి అంత భయం వేసింది.

విందు రోజు వచ్చింది. ఆకాశంలో అక్కడక్కడ తెల్లమబ్బులు కదులుతున్నాయి. దీవులకు పోయి మనవాళ్ళను తీసుకువచ్చే ఓడలు రేవులో తెరచాపలు సర్దుకుంటున్నాయి. వానల ముందు అదే ఆఖరి ప్రయాణం. అవి వెళ్ళేలోగా కబురు మారకపోతే ఖాళీ ఓడలే తిరిగి వస్తాయి.

కోట ముంగిట పంక్తులు వేశారు. రాజు మొదట కూర్చున్నాడు, పక్కన మంత్రి. జనం బారులు తీరి కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురి మధ్య ఒక్కో విస్తరి ఖాళీగా ఉంది. ఇంకా వచ్చేవాళ్ళు ఉన్నారు కాబోలు అనుకుని రాజు పట్టించుకోలేదు. వడ్డన మొదలైంది. ఖాళీ విస్తళ్ళలో కూడా పులిహోర, గారెలు, బూరెలు, పప్పు, మునక్కాయ పులుసు, అన్నం, అన్నీ వడ్డించారు.

మంత్రి దగ్గర నెయ్యి వడ్డించేవాడు గరిటె నింపి, విస్తరి మీదికి తెచ్చి, మూడోవంతు మళ్ళీ గిన్నెలోకే వంపుకుని, మిగిలింది వేశాడు.

"ఇదేమిటోయ్?" అన్నాడు మంత్రి.

"కోత బాబయ్యా."

"విస్తట్లో పడనన్నా పడలేదే!"

"పడకముందే తియ్యమన్నారు కదా బాబయ్యా."

"ఎవడన్నాడు?"

"తమరే" అని వాడు ముందుకు వెళ్ళిపోయాడు.

నెయ్యి తక్కువైనా పులుసు బాగుంది. సోమనాథ మంత్రికి మునక్కాయ అంటే ప్రాణం. వేసిన ముక్కలన్నీ నమిలి, పిప్పి విస్తరి వార పోగు పెట్టి, "ఇంకా నాలుగు ముక్కలు వెయ్యి" అన్నాడు. వడ్డించేవాడు గురవన్న వంక చూశాడు.

గురవన్న దగ్గరకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "మంత్రివర్యా, తమ కడుపు నిండిపోయింది. ఇంత పొడుగు కాడలు వేశాం. తమవంటి పెద్దమనిషికి అది చాలా ఎక్కువ."

"నిండటమేమిటి? తినడానికి వచ్చింది ఆ లోపలి గుజ్జు కదా! ఇదిగో, పిప్పి అంతా ఇక్కడే ఉంది!"

"పిప్పి మినహాయించడం మానేశాం కదండీ. ఆ లెక్కలు చూడలేక గుమస్తాలు అలిసిపోతున్నారు. విస్తట్లో పడినదంతా తిన్నట్టే."

దగ్గర కూర్చున్న జీతగాళ్ళందరూ నవ్వు దాచుకోవడానికి ఒక్కసారి దగ్గారు. సోమనాథ మంత్రి పిప్పి వంక చూసి, గురవన్న వంక చూసి, మజ్జిగ అడిగాడు. అందులోనూ మూడోవంతు కోసే వేశారు.

రాజుకు ఇదంతా వేడుకగానే ఉంది. తాను తృప్తిగా తిని, అలవాటు ప్రకారం మీసం మీద ఎడమచెయ్యి వేసుకుని, ఆఖరి మనిషి కోసం ఎదురుచూస్తున్నాడు. జనం ఒక్కొక్కరే తిని విస్తళ్ళు మడుస్తున్నారు. ఎండ ముంగిట్లోకి వచ్చింది. పందిరి నీడ పక్కకు జరిగి రాజుగారి కిరీటం మీద ఎండ పడింది. మడిచిన విస్తళ్ళ మధ్య మడవని విస్తళ్ళు అలాగే ఉన్నాయి. నెయ్యి పేరుకుంది. గారెల మీద ఈగలు వాలాయి.

"ఇంకా ఎవరు తింటున్నారు?" అన్నాడు రాజు.

"తినడమా ప్రభూ? చాలామంది ఇంకా చెయ్యే పెట్టలేదు" అన్నాడు గురవన్న.

"ఎందుకని?"

"అదే తెలియడం లేదు." గురవన్న ఒక ఖాళీ విస్తరి ముందు వంగి, "పోలయ్యా! కలుపుకో నాయనా! రాజుగారు చూస్తున్నారు, సిగ్గుపడకు. బూరె బాగుంది, ముందు అది తిను" అన్నాడు. తరవాత ఇంకో విస్తరి దగ్గరకు పోయి, "నీకు పులుసు పడదా? పోనీ, పెరుగు వేయిస్తానుండు" అన్నాడు.

రాజు కళ్ళు చిట్లించాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"పగడాల దీవివాళ్ళతో ప్రభూ. ఇక్కడే ఉన్నారుగా."

పంక్తి అంతటా గుసగుసలు లేచాయి. రాజుకు సంగతి అర్థమయ్యేసరికి కాలు తిమ్మిరి ఎక్కింది. లేద్దామంటే ఆచారం. లేవకపోతే ఎన్నాళ్ళు కూర్చోవాలి? మంత్రి వైపు తిరిగి, పళ్ళ మధ్య నుంచి "చెప్పు" అన్నాడు.

"ప్రభూ, వాళ్ళు పన్ను మట్టుకే ఉన్నట్టు, భోజనానికి కాదు" అన్నాడు మంత్రి.

"మూట ఇక్కడ ఉండి పొట్ట అక్కడ ఉంటుందా మంత్రివర్యా?" అన్నాడు గురవన్న. "అయినా పన్నుకూ పప్పుకూ ఒక్కటే మాటని ప్రభువులు నిండుసభలో సెలవిచ్చారు. ఆ మాట కాదనమంటారా?"

ఎండ ఇంకాస్త ఎక్కింది. రాజు ఒక మోకాలు దింపి ఇంకో మోకాలు ఎత్తాడు. చెమట మీసాల మీదికి కారుతోంది. చివరకు మంత్రికి ఒక ఉపాయం తట్టింది. "ఇంతకీ విస్తరి మడిస్తే సరి కదా! వాళ్ళ ఇళ్ళవాళ్ళు వాళ్ళ తరఫున మడిచెయ్యండి. ఎవరక్కడ? ఏయ్, నీ పేరేమిటి, నూకాలూ, నీ మొగుడి విస్తరి మడిచెయ్యి!"

అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళంతా నవ్వు ఆపేశారు. పంక్తి చివర పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నూకాలు లేచింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఎవలి విస్తరి బాబూ నన్ను తియ్యమంటన్నారు? లేని మనిషికి కూడెట్టి, ఇంకోళ్ళు ఆ విస్తరి తీసేది తద్దినం నాడు! మా మావ బతికున్నాడు! రాకుండా సేస్తే సేసేరు, సంపీకండి బాబూ!"

పిల్ల బెదిరి తల్లి మెడ పట్టుకుంది. పట్టాభిషేకం నాడు, రాజుగారి ఎదుట, అటువంటి మాట వినబడేసరికి పురోహితుడు శివశివా అని చెవులు మూసుకున్నాడు. మంత్రి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. విస్తళ్ళు మడిస్తే లెక్క సరిపోతుందనుకున్నాడు, అంతే.

రాజు తల వంచుకుని తన ఎదురుగా ఉన్న ఖాళీ చోటు వంక చూస్తూ కూర్చున్నాడు. అంతలో కోటగోడ మీది నుంచి ఒక కాకి దిగి, గంతులు వేస్తూ వచ్చి, దీవివాడి విస్తట్లోంచి ఒక గారె ఎత్తుకుపోయింది.

"ప్రభూ!" అని సోమనాథ మంత్రి పట్టలేని సంతోషంతో కేకపెట్టాడు. "ఒకడు తిన్నాడు! ఒకడు తిన్నాడు!"

రాజు కాకిని చూశాడు. మంత్రిని చూశాడు. ఆ మంత్రి సకల శాస్త్రాలూ చదివినవాడు, తన రాజ్యానికి కోశాధికారి, చెయ్యి ఎత్తి కాకిని చూపిస్తున్నాడు. గంభీర భూపతి పొట్టలో ఎక్కడో మొదలైన నవ్వు భుజాలు కదిలించి, కిరీటం పక్కకు ఒరిగేలా చేసి, గట్టిగా బయటికి వచ్చింది. రాజు నవ్వితే ఇక నవ్వకూడని మర్యాద ఏముంది? ముంగిలి ముంగిలంతా నవ్వింది. ఎందుకో తెలియకుండానే నూకాలు ఒళ్ళోని పిల్ల కూడా నవ్వింది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని రాజు అడిగాడు. "అమ్మా, నీ మగడు ఎప్పుడు వస్తాడు?"

"మీరు రానిస్తే వస్తాడు బాబూ."

రాజు ఒరిగిన కిరీటం సరిచేసుకున్నాడు. తరవాత బిరుదులేవీ చదివించుకోకుండా, మామూలు గొంతుతో అన్నాడు. "వాళ్ళు ఇక్కడ లేరు. అందరూ వినండి, నేనే చెబుతున్నాను. దీవుల్లో ఉన్నవాళ్ళు దీవుల్లోనే ఉన్నారు. వానాకాలమంతా ఇంటి దగ్గర ఉంటే ఉండనీండి, అక్కడి కష్టం మీద ఇక్కడ పన్ను లేదు. ఈ మాట ఇవాళే ఓడవాళ్ళకు చెప్పి పంపండి. జీతగాళ్ళ అద్దె, బట్టలు, మందులు ఎప్పటిలాగే తీసేసి మిగిలినదాని మీదే పన్ను వెయ్యండి. గుమస్తాలు అలిసిపోతే మంత్రిగారు సాయం చేస్తారు."

"మరి అంబారీ ప్రభూ?" అన్నాడు మంత్రి నీరసంగా.

"బంగారు అంబారీ కావాలని ఏనుగు అడిగిందా మంత్రివర్యా?" అన్నాడు గురవన్న.

రాజుకు మళ్ళీ నవ్వు వచ్చింది. చెయ్యి చాచాడు. ఇద్దరు భటులు చెరో వైపునా పట్టుకుని లేపారు. తిమ్మిరి ఎక్కిన కాళ్ళతో రెండడుగులు వేసి, మెడలోని ముత్యాలహారం తీసి గురవన్న మెడలో వేశాడు. "గురవన్నా, ఇంతసేపు నన్ను ఎండలో కూర్చోబెట్టినవాడు ఈ రాజ్యంలో ఇంకొకడు లేడు. ఇంకొకడు ఉండకూడదు కూడా. తీసుకో."

గురవన్న దండం పెట్టి మంత్రి వైపు తిరిగాడు. "మంత్రివర్యా, ఇందులో కోత ఎంత?"

సోమనాథ మంత్రి హారం వంక చాలాసేపు ఆలోచనగా చూసి, నిట్టూర్చాడు. "బహుమతుల సంగతి ఇంకా రాయలేదు."

"అయితే మీరు రాయకముందే ఇంటికి పోతాను" అని గురవన్న హారం మొలలో దోపుకుని నడక సాగించాడు. రాజుగారి నవ్వు కోటలోపలికి వెళ్ళేదాకా వినబడుతూనే ఉంది.

ఆఖరి గాలికి ఓడలు నిండుగా వచ్చాయి. ఆ వెంటనే ముసురు పట్టింది. ఒక రోజు గురవన్న గొడుగు వేసుకుని వంటశాల వెనకగా పోతుంటే నూకాలు ఎదురైంది. కొట్టంలో తన పని వేరొకరికి అప్పజెప్పి ఇంటికి పోతోంది.

"ఏమ్మా, అంతా కులాసాయేనా?" అన్నాడు.

"ఏటి కులాసా బాబూ!" అంది నూకాలు. "ఆడు ఓడ దిగి పిల్లనెత్తుకోబోతే అది కెవ్వుమంది. రెండ్రోజులు ఆడి మొహమే సూడలేదు. గుమ్మంలో కూకుని ఏడ్సినంత పనిసేసేడు. ఇప్పుడేమో భుజం మీంచి దిగదు. పొద్దున్న లేస్తే ఇద్దరికీ అట్లు, మద్దేనం సేప, రేత్రికి మళ్ళీ ఏదో ఒకటి. ఇంట్లో సెక్కముక్క కనబడితే సాలు, ఓడ సెక్కుతానని ఇల్లంతా పొట్టు పోత్తన్నాడు. తుడవలేక నా నడుం పడిపోతంది."

ఆమె నవ్వుతూనే తిడుతోంది. వాన పెద్దదైనా చూరు కిందికి జరగలేదు.

"నాలుగు నెల్లు బాబూ! నాలుగు నెల్లూ నేనీ గోల పడాలి!" అని, ఇంకో మాట వినకుండా ఇంటికేసి పరుగెత్తింది.